చెవిమీది వెంట్రుకలు – ఇంటర్నెట్టులో జన్యుశాస్త్ర పఠనం

జన్యుశాస్త్రం చదివే విద్యార్థికి ఈనాడు పుస్తకాల కరువు లేదు. ఒకప్పుడు స్ట్రిక్‌బర్గర్ వ్రాసిన ‘జెనెటిక్స్’ ఒక్క ప్రతి లైబ్రరీ రెఫరెన్సు బీరువాలో ఉంటే తరగతి మొత్తానికీ అదే దిక్కు. పరీక్షల ముందు అది ఎవరి గదిలో ఉన్నదో కనుక్కోవడమే ఒక పరిశోధన. ఇప్పుడు అంతకు వందరెట్లు సమాచారం జేబులోని ఫోనులో ఉన్నది. డబ్బు కట్టనక్కరలేదు, అటెండరును బతిమాలనక్కరలేదు. అయినా జవాబుపత్రాలు దిద్దేటప్పుడు చూస్తే, ఆ సమాచారం మన విద్యార్థుల కలాల దాకా వచ్చినట్లు కనిపించదు. ముప్పయి వీడియోలు దించుకొని, రాత్రంతా చూచి, చివరకు గైడులోని వాక్యమే వ్రాస్తున్నారు. తప్పు వాళ్ళ ఒక్కరిదే అనను. ఈ వనరులను వాడుకొనే పద్ధతి మేము నేర్పలేదు. ఆ సంగతి నాకు తరగతిలో ఒక అమ్మాయి వేసిన ప్రశ్న వల్ల తెలిసివచ్చింది. ఆ ప్రశ్ననే పట్టుకొని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆ రోజు పాఠం లింగ సహలగ్న అనువంశికత. హీమోఫీలియా, వర్ణాంధత్వం అయిపోయాయి. వై క్రోమోజోము మీద మాత్రమే ఉండే జన్యువులను హోలాండ్రిక్ జన్యువులంటారనీ, అవి తండ్రి నుండి కొడుకులందరికీ వస్తాయనీ, కూతుళ్ళకు రావనీ చెప్పి, ఉదాహరణగా చెవిడొప్ప అంచున వెంట్రుకలు దట్టంగా పెరగడం, అంటే హైపర్‌ట్రైకోసిస్, అని బోర్డు మీద వ్రాశాను. నేను చదువుకొన్నదీ అదే, ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చినదీ అదే. వెనుక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచి, “సార్, మా తాతయ్యకు అట్లాగే ఉంటుంది. మా నాన్నకు లేదు. మా మేనత్త కొడుక్కి మాత్రం ఉంది. మామయ్యకు లేదు. మరి అతనికి ఎట్లా వచ్చింది సార్?” అన్నది.

తరగతి నవ్వింది. నేనూ నవ్వి, “పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్లే వ్రాయమ్మా” అని ముందుకు పోయాను. గంట కొట్టిన తరువాత ఆ మాట నాకే నచ్చలేదు.

ఆ అమ్మాయి చెప్పినదేమిటో కొంచెం విప్పి చూద్దాం. లక్షణం వై మీద ఉంటే తాత వై క్రోమోజోము నాన్నకు రావాలి, మేనత్తకు రాకూడదు. మేనత్త కొడుకు వై తన తండ్రిది, అంటే మామయ్యది. మామయ్యకు లేని లక్షణం వై ద్వారా అతనికి వచ్చే వీలు లేదు. ఇక రెండవ దారి ఒకటున్నది. జన్యువు ఏదో ఒక దైహిక క్రోమోజోము మీదే ఉండి, లక్షణం మాత్రం మగవారిలోనే బయటపడవచ్చు. దీనినే లింగ పరిమిత లక్షణమంటాము. ఆవుపాల దిగుబడిని నిర్ణయించే జన్యువులు ఆంబోతులోనూ ఉంటాయి. ఆంబోతు పాలివ్వదు, అంతే. అటువంటప్పుడు తాత జన్యువు మేనత్తలో కనబడకుండా ఉండి, ఆమె కొడుకులో మళ్ళీ పైకి వస్తుంది. నాన్నకు ఆ యుగ్మవికల్పం రాకపోయి ఉండవచ్చు. విషమయుగ్మజుడైన తండ్రి కొడుకులలో సగం మందికే వస్తుంది గదా.

అయితే ఒక చిక్కున్నది. ఈ వెంట్రుకలు చిన్నతనంలో రావు, నడివయస్సులో వస్తాయి. కనుక లక్షణం లేని కొడుకును చూపి ‘ఇది వై సహలగ్నత కాదు’ అంటే, ‘ఇంకా వయస్సు రాలేదు’ అని ఎదుటివారు అనగలరు. ఈ కేసులో బలమైన సాక్ష్యం నాన్నది కాదు, వయస్సు మళ్ళిన మామయ్యది.

ఆ సాయంకాలం డిపార్టుమెంటు కంప్యూటరు ముందు కూర్చుని మొదట తెరిచినది ‘ఓమిమ్’. మానవులలోని మెండెలీయ లక్షణాల జాబితా ఇది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విక్టర్ మెక్‌కుసిక్ 1966లో దీనిని పుస్తకంగా వెలువరించారు. అప్పుడు దాదాపు 1,500 పద్దులు. 1998 నాటికి పన్నెండు కూర్పులు వచ్చాయి. 1987 నుండి కంప్యూటరులో అందుబాటులో ఉంటూ, నేడు 25 వేలకు పైగా పద్దులతో రోజురోజుకూ సవరింపబడుతున్నది. మెక్‌కుసిక్ 2008లో మరణించినా పని ఆగలేదు.

దీనిలో ప్రతి పద్దుకూ ఆరంకెల సంఖ్య ఉంటుంది. ఆ మొదటి అంకె ఊరికే వేసినది కాదు. 1, 2 అయితే దైహిక క్రోమోజోములు. 3 అయితే ఎక్స్. 4 అయితే వై. 5 అయితే మైటోకాండ్రియా. 1994 మే 15 తరువాత చేరిన దైహిక పద్దులు 6తో మొదలవుతాయి. ఈ సంగతి తెలిసిన విద్యార్థి పద్దు తెరవకముందే సగం చదివినట్లు. చెవిమీది వెంట్రుకల పద్దు 425500. అంటే వై అని జాబితాలోకి ఎక్కించారు. పుస్తకం గెలిచిందనుకొన్నాను. కాని పద్దు లోపల చదవాలి గదా! ఓమిమ్ పద్దు అనేది తీర్పు కాదు, కేసు కట్ట. ఎవరు ఎప్పుడు ఏమన్నారో వరుసగా ఉంటుంది, మూలవ్యాసాల పేర్లతో సహా. అక్కడి నుండి ‘పబ్‌మెడ్’కు పోవచ్చు. పబ్‌మెడ్ అంటే వైద్య, జీవశాస్త్ర వ్యాసాల సూచిక, 3 కోట్ల 70 లక్షలకు పైగా. 1997 నుండి ఉచితం. ‘పబ్‌మెడ్ సెంట్రల్’ వేరు. సూచికలో పేరు, సారాంశం దొరికితే, సెంట్రల్‌లో వ్యాసం మొత్తం దొరుకుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక డబ్బు కట్టమన్న పేజీ దగ్గర ఆగిపోయి, ‘దొరకలేదు సార్’ అని తిరిగి వచ్చే విద్యార్థులు చాలామంది ఉన్నారు.

ఆ దారిన పోగా, ఈ కథలో మన తెలుగువాడొకరు ఎదురయ్యారు. ఆంధ్రదేశంలో పుట్టి, కలకత్తాలో జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద పరిశోధన చేసిన ద్రోణంరాజు కృష్ణారావు. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటుకు వచ్చారు. ఆయన శిష్యుడైన ద్రోణంరాజు చెవిమీద వెంట్రుకలు గల వంశవృక్షాలు సేకరించి, వై సహలగ్నతగా 1960లో ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లో ప్రకటించారు. అంటే మన తరగతులలో ఎక్కడి నుండో వచ్చిన ఉదాహరణగా వల్లెవేసే ఈ అంశం వెనుక మన వాళ్ళ తాతల చెవులున్నాయి. ఆ మాట ఒక్క గైడులోనూ నేను చూడలేదు.

దానికి ముందే, 1957లో, అమెరికాలో కర్ట్ స్టెర్న్ ‘మానవునిలో సంపూర్ణ వై సహలగ్నత సమస్య’ను గూర్చి ఒక దీర్ఘవ్యాసం వ్రాశారు. అప్పటికి వై మీద ఉన్నవని చెప్పుకొంటున్న లక్షణాలను ఒక్కొక్కటే పరీక్షించి, దాదాపు అన్నింటినీ పక్కనబెట్టారు. 1958లో ఆయన, పెన్‌రోజ్ కలిసి, 18వ శతాబ్దపు ఇంగ్లండులో ‘ముళ్ళపంది మనుషులు’ అని పేరుపడిన లాంబర్టు కుటుంబం కథను చర్చి రిజిస్టర్లతో సరిచూశారు. కొడుకులందరికీ వచ్చింది, కూతుళ్ళకు రాలేదు అన్న మాట నిలవలేదు. ఇది ఇక్తియోసిస్ హిస్ట్రిక్స్. ఇప్పటికీ అనేక పాఠ్యపుస్తకాలలో వై సహలగ్నతకు రెండవ ఉదాహరణ! కాదని తేలి 60 ఏళ్ళు దాటినా మనం వల్లె వేస్తూనే ఉన్నాం. 1964లో స్టెర్న్, సెంటర్‌వాల్, సర్కార్ చెవివెంట్రుకల మీద కొత్త సమాచారంతో మళ్ళీ వ్రాశారు. ఆ వ్యాసం పేరులోనూ ‘సమస్య’ అనే మాట ఉన్నది. 1957, 1964 వ్యాసాలు రెండూ వెలువడిన అమెరికన్ హ్యూమన్ జెనెటిక్స్ పత్రిక పాత సంపుటాలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తిగా ఉచితం. అచ్చయిన పేజీలనే ఫోటో తీసి పెట్టారు. బి.ఎస్సీ. విద్యార్థి చదివి అర్థం చేసుకోగల భాషలో ఉన్నాయి. లెక్కలు కొంచెం ఆగి చేసుకోవాలి, అంతే.

ఇక చివరి మెట్టు 2004. ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్’లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. చెవివెంట్రుకల లక్షణానికి వై సహలగ్నత లేదనడానికి అణుస్థాయి సాక్ష్యం అని దాని శీర్షిక. పరీక్షించినది దక్షిణ భారతదేశపు పురుషులనే. దానిలోని ఉపాయం మనవాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. వై క్రోమోజోము కొసలు తప్ప మిగిలినది వినిమయం లేకుండా తండ్రి నుండి కొడుకుకు యథాతథంగా పోతుంది, ఇంటిపేరు వలె. ఎప్పుడో ఒక పూర్వీకునిలో వచ్చిన చిన్న మార్పు అతని మగసంతతి అందరిలో గుర్తుగా నిలిచిపోతుంది. ఆ గుర్తులను బట్టి వైలను శాఖలుగా విభజిస్తారు, వాటిని హాప్లోగ్రూపులంటారు. చెవివెంట్రుకలు ఒక వై ఉత్పరివర్తనం వల్ల వచ్చేవైతే, అవి ఉన్నవారంతా ఒకే ‘ఇంటిపేరు’ వారై ఉండాలి. చూడబోతే వెంట్రుకలున్నవారు వేర్వేరు శాఖలవారు; వెంట్రుకలు లేనివారిలో ఆ శాఖలు ఏ పాళ్ళలో ఉన్నాయో వీరిలోనూ సుమారుగా అంతే. ఒకే మార్పు అన్ని ఇంటిపేర్లలో విడివిడిగా పుట్టిందనడం కంటే, అది వై మీద లేదనడమే సబబు.

ఈ మొత్తం వెదుకులాటకు నాకు పట్టినది ఒక సాయంకాలం, ఆ మరునాటి ఉదయం. ఖర్చు సున్న. వెదికించినది మాత్రం ఆ అమ్మాయి ప్రశ్న. ప్రశ్న లేకుండా ఇవే పేజీలు తెరిస్తే ఏమీ కనబడదు. నేను అంతకు ముందు ఓమిమ్ పదిసార్లు తెరిచినవాణ్ణే.

మరునాడు తరగతిలో నా పొరపాటు ఒప్పుకొని ఈ వ్యాసాలను బల్ల మీద పెట్టాను. తరువాత నాలుగు వారాలు విద్యార్థులు తమ తమ ఇళ్ళలోని వంశవృక్షాలు గీశారు, పేర్లు లేకుండా. ఇంటి సంగతులు గనుక పేర్లు వ్రాయవద్దని ముందే చెప్పాను. మన దేశంలో మేనరికాలు ఎక్కువ గనుక గీతలు చాలాచోట్ల పెనవేసుకొన్నాయి. ఒక అబ్బాయి చార్టులో ఒకే మనిషి మేనమామా, మామగారూ అయినాడు. అటువంటి కుటుంబాలలో ‘అమ్మ వైపు నుంచి వచ్చింది’, ‘నాన్న వైపు నుంచి వచ్చింది’ అని తొందరపడి చెప్పడానికి వీలులేదని ఏ పుస్తకం చెప్పనంత స్పష్టంగా ఆ చార్టు చెప్పింది.

ఇదే పద్ధతి కొడవలి కణ రక్తహీనతకు పట్టించి చూడండి. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో ఉన్న వ్యాధి. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి దీనిని రూపుమాపాలని జాతీయ మిషన్ మొదలుపెట్టింది. కనుక ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చే పాఠం కాదు. పాఠ్యపుస్తకంలో ‘బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్’ అని ఉంటుంది. ‘యూనిప్రాట్’ అనే ప్రోటీన్ల భాండాగారంలో బీటా గ్లోబిన్ తెరిస్తే ఆ మార్పు 7వ స్థానంలో ఉంటుంది. మా విద్యార్థులు ముగ్గురు ఇది అచ్చుతప్పు అని తేల్చారు. తప్పు కాదు. కణం ప్రోటీన్ కట్టడం మిథియోనిన్‌తో మొదలుపెట్టి, తరువాత దానిని తుంచివేస్తుంది. పాతవారు చేతికి వచ్చిన ప్రోటీన్‌ను లెక్కబెట్టారు, ఈనాటివారు జన్యువు నుంచి లెక్కబెడతారు. కనుకనే 146, 147. ఈ ఒక్క అంకె తేడా మీద పది నిమిషాలు ఆలోచించిన విద్యార్థి అనువాద ప్రక్రియను ఇక మరిచిపోడు.

అక్కడితో ఆగకుండా ఎన్.సి.బి.ఐ. భాండాగారం నుండి ఆ జన్యువు వరుసను తెరిచి, కోడాన్లను వేలుపెట్టి లెక్కించుకోవాలి. జి.ఎ.జి. అనే కోడాన్ జి.టి.జి. అవుతుంది, ఒక్క అక్షరం. ఆ అక్షరం మారగానే ఎమ్.ఎస్.టి.-2 అనే రెస్ట్రిక్షన్ ఎంజైము కోసే చోటు పోతుంది. గర్భస్థ శిశువులో ఈ వ్యాధిని కనిపెట్టడానికి 1982 ప్రాంతంలో వాడిన పరీక్ష ఇదే. ప్రయోగశాలలో ఎంజైము కొనడానికి మన కాలేజీలకు డబ్బుండదు. కాని కాగితం మీద కోయడానికి పెన్సిలు చాలు.

పుస్తకాల మాట. ఎన్.సి.బి.ఐ. వారి ‘బుక్‌షెల్ఫ్’లో గ్రిఫిత్స్ బృందం వ్రాసిన జన్యు విశ్లేషణ పుస్తకం ఏడవ కూర్పు (2000) ఉన్నది. ఒక తమాషా ఉన్నది: పబ్లిషరుతో ఒప్పందం ప్రకారం దానిని మొదటి పేజీ నుండి తిప్పుకుంటూ పోవడానికి లేదు, మాట ఇచ్చి వెదికితే ఆ భాగం తెరుచుకుంటుంది. అంటే ప్రశ్న లేనివాడికి ఆ పుస్తకం తెరుచుకోదు! మెండెల్, మోర్గాన్ భాగాలకు ఇది పాతబడదు. జినోముల అధ్యాయాలకు మాత్రం పాతబడింది. వై క్రోమోజోము పూర్తి వరుస 2023లోనే గదా వచ్చింది, సుమారు 6 కోట్ల 20 లక్షల క్షారాల జంటలు.

లెక్కలకు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారి ‘ఓపెన్ కోర్స్‌వేర్’లో 2004 నాటి జెనెటిక్స్ కోర్సు చూడవలసినది. జవాబులతో సహా ప్రశ్నపత్రాలున్నాయి. జవాబు కాగితం తెరవకుండా కనీసం అరగంట కుస్తీ పట్టాలి. అది చేయనివాడు ఆ కోర్సు జోలికి పోకపోవడమే మంచిది. మొదటి సంవత్సరం వారికి, ఇంగ్లీషు అంతగా రానివారికి, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వారి ‘డి.ఎన్.ఏ. ఫ్రమ్ ది బిగినింగ్’ అనుకూలం. 41 భావాలు, ఒక్కొక్కదానికి బొమ్మలు, ఆ ప్రయోగం చేసిన మనుషుల కథలు. మన ఐ.ఐ.టి.ల ‘ఎన్.పి.టి.ఇ.ఎల్.’లో కాన్పూరు ఆచార్యుల మానవ అణుజన్యుశాస్త్రం పాఠాలు నిదానంగా, మన చెవికి అలవాటైన ఉచ్చారణలో సాగుతాయి. ‘స్వయం’ కోర్సులకు పరీక్ష వ్రాసి క్రెడిట్లు పొందే వీలు 2016 నుండి ఉన్నది. 2021 నిబంధనలతో పరిమితి 40 శాతానికి పెరిగింది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ‘ఎలక్ట్రానిక్ స్కాలర్లీ పబ్లిషింగ్’ అనే చోటు. అక్కడ జన్యుశాస్త్రపు పాత మూలవ్యాసాలున్నాయి. వాటిలో స్టర్టెవాంట్ 1913 వ్యాసం మీరంతా చదవాలి. 1911లో అతడు కొలంబియాలో డిగ్రీ విద్యార్థి, అంటే మీ వయస్సువాడే. మోర్గాన్‌తో మాట్లాడుతుండగా, జన్యువుల మధ్య వినిమయం శాతాన్ని దూరంగా లెక్కించవచ్చునని తట్టి, కాగితాలు ఇంటికి తీసుకుపోయి, ఆ రాత్రి చేయవలసిన హోంవర్కు మానేసి, ఈగ ఎక్స్ క్రోమోజోముకు మొదటి పటం గీశాడు. అంకెలన్నీ ఆ వ్యాసంలోనే ఉన్నాయి. పటం చూడకుండా మీరే గీసి, తరువాత అతని దానితో పోల్చుకోండి.

వీడియోల గురించి నాకు సదభిప్రాయం తక్కువ. చూస్తున్నంతసేపూ అర్థమైనట్లే ఉంటుంది. కాగితం తీస్తే చెయ్యి కదలదు. ఇక ఈమధ్య అడిగిన దానికల్లా జవాబు వ్రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చింది. దానిని చెవివెంట్రుకల గూర్చి అడగండి. గైడు వాక్యమే చెబితే ఆశ్చర్యపడవద్దు. లోకంలో ఎక్కువసార్లు అచ్చయినది ఆ వాక్యమే గదా. ఒక్కొక్కప్పుడు లేని వ్యాసానికి ఉన్నట్లుగా పేరు కూడా చెబుతుంది. అది చెప్పిన ప్రతి వ్యాసాన్నీ పబ్‌మెడ్‌లో వెదికి, దొరికితేనే నమ్మాలి.

ఇవన్నీ ఊరికే వచ్చాయనీ, ఎప్పటికీ ఉంటాయనీ అనుకోకూడదు. ఈగల జన్యుశాస్త్రానికి 1992 నుండి ఆధారమైన ‘ఫ్లైబేస్’ 2025లో అమెరికా ప్రభుత్వ నిధులు నిలిచిపోయి వాడుకరుల విరాళాలు అడగవలసివచ్చింది. కావలసిన వ్యాసాలను దించి మన డిపార్టుమెంటు కంప్యూటరులో ఒక ప్రతి దాచమని నేను అందుకే పోరుతున్నాను. తెలుగులో చూడబోతే తెలుగు అకాడమీ పుస్తకాలు తప్ప ఈ విషయాలు లోతుగా చెప్పేవి అరుదు. ఆ లోటు మీదీ, మాదీ.

ఇంతకూ పరీక్షలో ఏమి వ్రాయాలి? నన్ను అడిగితే ఇట్లా వ్రాయమంటున్నాను: “చెవిడొప్పపై వెంట్రుకలను వై సహలగ్న లక్షణంగా 1960లో వర్ణించారు, 2004 నాటి హాప్లోగ్రూపు పరిశీలన దానిని బలపరచలేదు. వై మీద ఉన్నదని నిశ్చయంగా తెలిసిన జన్యువుకు ఉదాహరణ 1990లో గుర్తించిన ఎస్.ఆర్.వై.” ఇట్లా వ్రాసినవారికి మార్కులు తగ్గించవద్దని దిద్దేవారికి మా డిపార్టుమెంటు నుంచి ఒక కాగితం పంపాము, 2004 వ్యాసం నకలు జతచేసి. జవాబు ఇంకా రాలేదు. ఆ అమ్మాయి మాత్రం సంక్రాంతి సెలవుల్లో ఊరికి వెళ్ళి మామయ్యగారి చెవులు మళ్ళీ చూచి వచ్చింది. ఆయన వయస్సు 71. వెంట్రుకలు లేవు.